చెంగలి బీడు

"మామా! నీకు దణ్ణం పెడతా... ఈ ఒక్క ఏడు గడ్డి కోయొద్దు!"

కొడవలితో వచ్చిన భర్త రమణయ్యకు అడ్డంగా గట్టుమీద నిలబడింది కామమ్మ. సొంత బీడులో కసువు కోసుకోవడానికి పెళ్ళాన్ని బతిమాలుకోవాలా అని అతనికి ఒళ్ళు మండింది.

"నెల్లూరు జట్కాలోళ్ళు గుర్రాల మేతకు కాసుకోనుండారు. తప్పుకో!"

"ఇప్పుడు కోస్తే లేత దుబ్బులన్నీ చచ్చిపోతాయి. గింజ రాలిందాకా ఆగు మామా!"

"అయితే ఆ కసువుతోనే కాపరం చెయ్యి!" అనేసి, బిట్రగుంటలో రైలింజన్లకు బొగ్గు వేసే తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు రమణయ్య. వెనక్కి తిరిగైనా చూడలేదు!

ఆ బీడు కామమ్మ మేనత్త, రమణయ్య తల్లి పేరమ్మది. తల్లిలేని కామమ్మను పెంచి, కోడల్ని చేసుకుని, పోతూ పోతూ దాన్ని ఆమె పేరునే రాసింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెంగలిగడ్డి గింజ రాలకుండా అందులో ఎవరూ కోత పెట్టలేదు. ఆవిడ పోగానే మొగుడూ పెళ్ళాం ఏటా పచ్చిది పచ్చిగానే కోసి అమ్ముకున్నారు. చెంగలి మాయమై, ఆవు మూతిపెట్టని తుంగ మిగిలింది. చెయ్యి దూరని బొమ్మజెముడు సందుల్లో మాత్రం నాలుగు దుబ్బులు బతికాయి. పోయిన చలికాలం కామమ్మ వేళ్ళకు ముళ్ళు దిగుతున్నా ఆ గింజలే దూసి, బీడంతా చల్లింది.

ఇప్పుడు ఒక్కతే తుంగ పీకేది, ఒక్కతే పరాయి గేదెలను తోలేది. "మొగుణ్ణి తరిమి గడ్డి పెంచుకుంటుండావా!" అని పక్కింటి మస్తానమ్మ ఎత్తిపొడిచేది. ఆవిడకేం, నోరుంది, అంటుంది! పొద్దుగూకితే మాట్లాడే మనిషి లేక కామమ్మ ఆవుతో మాట్లాడేది. అదీ కళ్ళు మూసుకుంటే గమ్మున పడుకునేది. ఎంత ఒంటరితనం... పగవాళ్ళకు కూడా వద్దు!

మార్గశిరానికి చెంగలి ఎర్రబడి కంకులు వేసింది. ఒక పొద్దున బీడు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా రమణయ్య! చిక్కి సగమయ్యాడు. చొక్కా నిండా బొగ్గుమసి.

"గింజ రాలిందా?" అన్నాడు.

అవునంటే చాలు... మనిషి ఇంటికొస్తాడు! నాలిక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది కామమ్మ.

"లేదు మామా... ఇంకా లేదు."

రమణయ్య పక్కకు తిరిగాడు. వెళ్ళిపోతాడు, ఇక రాడు అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

"మా అమ్మా ఇట్టనే అనేది," అన్నాడతను. "ఏందే, ఆ మూల తుంగ అట్టనే వదిలేసినావు?"

కళ్ళు తెరిచేసరికి పంచె ఎగ్గట్టి తుంగ పీకుతున్నాడు. కామమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూనే అతని పక్కన కూర్చుని పీకసాగింది.