నాలుగో వరస ఫ్లూట్

మా పిన్ని పనిచేసే ఆర్కెస్ట్రా ఆఫీసులో, మెట్ల కింద నోటేషన్ గది ఉంది – పాటల స్వరాలు రాసి దాచే గది. చీకటి పడితే అటు ఎవరూ తొంగి చూడరు. అక్కడ కూర్చున్న ఇద్దరు ఏకంగా ఉద్యోగమే మానేశారు. కారణం... ఒక ఫ్లూట్.

పిన్ని చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

పాత కంప్యూటర్లో ఉన్న నోటేషన్లన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి. అన్నీ బుద్ధిగా మారాయి – ఒక్క పాట తప్ప. దాన్ని కొత్తదాంట్లో వినిపిస్తే, ముప్పై ఒకటో బార్ దగ్గర, అంటే స్వరాల ముప్పై ఒకటో గడిలో, ఫ్లూట్ మోగుతుంది. తెర మీద చూస్తే ఫ్లూట్ లేదు. కాగితం మీదా లేదు. ఆ పాట కట్టిన ఫ్లూట్ మాస్టారు పోయి ఏడాదైంది.

"ఆ పాట వదిలెయ్యమ్మా. రేపు పొద్దున పాత కంప్యూటర్ తుక్కులోకి పోతుంది, దాంతోపాటే పోనీ" అన్నారు డైరెక్టర్ గారు.

మాస్టారు కట్టినవాటిలో మిగిలింది అదొక్కటే. పిన్నికి ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి ఏడున్నరకి ఒక్కతే గదిలోకెళ్లి తలుపేసుకుంది.

పాట మొదలెట్టింది. ఇరవై తొమ్మిది... ముప్పై...

ఫ్లూట్!

లేచి పరిగెత్తాలనిపించిందట. కానీ మా పిన్ని జగమొండి.

"ఎవరైతే నాకేంటి?" అంది, గుసగుసగానే. "ఉంటే కాగితం మీదకి రా... ఈ దొంగచాటు వ్యవహారమేంటి?"

వయొలిన్లు ఆపింది. డ్రమ్ములు ఆపింది. చెల్లో కూడా ఆపింది. కనిపించేవన్నీ మూగబోయాయి – ఫ్లూట్ మాత్రం నింపాదిగా సాగుతూనే ఉంది.

ఇలా కాదని, ఫైల్ లోపలి రాతను తెరిచి, వాద్యానికో వరస చొప్పున వరస వరసా చదివింది. ఒకటి, రెండు, మూడు... తెర మీద కనబడని నాలుగోది ఉంది, ఫ్లూట్‌ది! ప్రతి స్వరం పక్కనా 'దాచు' అని గుర్తు. ఆ గుర్తుంటే పాత సాఫ్ట్‌వేర్ స్వరాన్ని చూపించేదీ కాదు, వినిపించేదీ కాదు. కొత్తది చూపించడం మానేసింది గానీ వాయించడం మానలేదు. ఇదా దెయ్యం!

పిన్నికి నవ్వొచ్చింది. గుర్తు పెట్టిందెవరా అని పక్కనున్న పేరు పొడి అక్షరాలు చూసింది. నవ్వు ఆగిపోయింది.

అవి తనవే.

పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, డైరెక్టర్ గారు "నాలుగో వరస తీసెయ్" అన్నారు. ఆయనకి మాస్టారితో పడదన్న సంగతి అప్పటికి పిన్నికి తెలీదు. తీసేస్తే మిగతా వరసలు చెదిరిపోతాయని, దాచి ఊరుకుంది. అది ఎవరు వాయించే వరసని కూడా అడగలేదు.

"సిగ్గుతో చచ్చిపోయాననుకో" అంది నాతో.

రెండు వందల పన్నెండు గుర్తులు. ఒక్కొక్కటే తీసింది. ప్రింటు తీసి, పొద్దున్నే రిహార్సల్‌లో ఫ్లూట్ వాయించే అమ్మాయి స్టాండు మీద పెట్టింది.

డైరెక్టర్ గారు గుడ్లురిమారు. "ఇది తీసెయ్యమన్నానా లేదా?"

"అన్నారు సార్. విని తప్పు చేశాను. ఈసారి వినను. కావాలంటే నన్ను తీసెయ్యండి."

అందరూ ఆయన వంకే చూశారు. అమ్మాయి ఫ్లూట్ ఎత్తింది.

"అయితే దెయ్యం లేనట్టేగా పిన్నీ?" అన్నాను.

పిన్ని గొంతు తగ్గించింది.

"రాత్రి గుర్తులన్నీ తీశాక మళ్లీ ఒకసారి విన్నాను. ముప్పై ఒకటో బార్‌కి ముందు... ఎవరో ఊపిరి తీసుకున్నారు. కంప్యూటర్ ఫ్లూట్‌కి ఊపిరెక్కడిదే?"

"అమ్మో! పారిపోయావా?"

"ఎందుకూ? కుర్చీ కొంచెం పక్కకి జరిపాను. 'కానివ్వండి మాస్టారూ' అన్నాను."