ముత్తవ్వ రాగిసూది

మంచు మైదానానికి పోయే దారిలో, కొండ మలుపు దగ్గర ఒక రాతి గుమ్మటం ఉంది. పొద్దుగూకాక అక్కడికి రాగానే మూటలు మోసే లామాలు కూడా మొరాయిస్తాయి. తోలేవాళ్ళు వాటిని అదిలించరు. నాలుగు కోకా ఆకులు నేలమీద పెట్టి, వెనక్కి చూడకుండా పోతారు.

లోపల ముత్తవ్వ కూర్చుని ఉంటుంది. మా ఆయన పౌకర్‌కి ముత్తవ్వ. పోయి నలభై ఏళ్ళు దాటింది. మోకాళ్ళు గుండెకి ఆనించి, ఏడు పొరల బట్టలో కుట్టేశారు. కొత్త కోడలిగా ఆ పొరలు కుట్టింది మా అత్తయ్యే. ఏటా చలి నెలలో ముత్తవ్వను బయటికి తెచ్చి, పైపొర మార్చి, మొక్కజొన్న కల్లు పోసి, ఊరి సంగతులు చెప్తాం. లోపలి పొరలు మాత్రం ఎవరూ విప్పరు. పోయినేడు పైపొర నేసిందీ, ముడులు వేసిందీ నేనే.

ఈ ఏడు ఆ పనికి ఇంకా నాలుగు రోజులుంది. మా ఆడపడుచు ఓక్యో దుంపల కావలికి మైదానానికి వెళ్ళింది. మంచుకి గడ్డకట్టడానికి పరిచిన దుంపల్ని నక్కలు ముట్టకుండా రాత్రంతా ఎవరో ఒకరు ఉండాలి. తెల్లారకుండానే పరుగెత్తుకొచ్చి పొయ్యి దగ్గర కూలబడింది.

"వదినా… ముత్తవ్వ దగ్గింది."

"గాలేమోలే."

"గాలికి కఫం ఉంటుందా? లోపల్నించి చెయ్యొచ్చింది వదినా. గుమ్మంలో నేను పెట్టిన కల్లు గిన్నె తీసుకుంది. మళ్ళీ బయట పెట్టింది… బోర్లించి."

పౌకర్ నవ్వాడు. "చచ్చినా చుక్క వదల్లేదన్నమాట ముసల్ది!"

"నీ దాహం ఎక్కణ్ణించి వచ్చిందో ఇవాళ తెలిసింది అన్నయ్యా."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

బోర్లించి…

తాగిన గిన్నె బోర్లించే అలవాటు మా ఇంట్లో ఒక్కడికే ఉంది. నా కొడుకు కుంతూర్‌కి. రెండేళ్ళ కిందట రాజుగారి సైన్యంతో ఉత్తరాదికి వెళ్ళాడు. ఆ దళంలోంచి కొందరు పారిపోయారని ఈ మధ్యే కబురొచ్చింది. దొరికినవాళ్ళ తలలు బల్లేలకి గుచ్చారట. దాచినవాళ్ళవీ.

నాలుగో రోజు పొద్దున్నే ముత్తవ్వను బయటికి తేవడానికి మనుషుల్ని తీసుకుని ఊరిపెద్ద గుమ్మటం దగ్గరికి వస్తాడు.

ఆ రాత్రే గుమ్మటానికి వెళ్దామనుకున్నాను. కానీ ఓక్యో భయమంటూ వచ్చి నా పక్కనే పడుకుంది. ఆ మర్నాడూ వచ్చింది. మూడోనాడూ వచ్చింది. దాని మొగుడు ఊరిపెద్ద దగ్గర పనిచేస్తాడు. నిజంగా భయమా… కాపలానా? ఆ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టిందా? నేను కదిలినప్పుడల్లా గురక ఆగేది.

ఆఖరి రాత్రి కావలి వంతు నాది. శాలువా కింద అంబలి కుండ పెట్టుకుని బయల్దేరాను. గుమ్మటం గుమ్మం నడుమెత్తు కూడా ఉండదు. పాకుతూ లోపలికి వెళ్ళాను.

"కుంతూర్…"

చేత్తో తడుముకుంటూ ఇంకాస్త ముందుకి జరిగాను. తర్వాత… దగ్గు.

"అమ్మా. నిప్పు తేలేదు కదా?"

చీకట్లో నా చేతికి ముఖం తగిలింది. అంతా ఎముకలే.

"రేపు పొద్దున వస్తున్నారురా. ఇప్పుడే వెళ్ళిపో. కనుమ దాటితే మీ మామయ్య ఊరు."

"వెళ్తాలే. నిన్నటి నుంచి జ్వరం లేదు." గటగటా అంబలి తాగాడు. "ఇవాళైనా మాట్లాడావు. మూడు రాత్రులూ వచ్చావా, ఒక్క మాట లేదు. మోకాళ్ళు ముడుచుకుని పక్కన కూర్చుంటావు… పారిపోయొచ్చానని కోపమేమో అనుకున్నా."

వాడి చేతిలోంచి ఖాళీ కుండ అందుకున్నాను.

"శాలువా కప్పి, జారకుండా సూది కూడా గుచ్చావు. చేతులే… ఎంత చల్లగా ఉన్నాయే అమ్మా!"

బయట వెన్నెల్లో చూశాను. వాడి ఒంటిమీద నేనెరగని పాత శాలువా. గుండె దగ్గర రాగిసూది. దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ సూది నువ్వుంచుకో. దారిలో పడిపోతుంది."

వాడు కొండెక్కి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. ఓక్యో వచ్చి ఉంటుందా? మూడు రాత్రులూ నా పక్కనే ఉందే! ఆ సూదిని ఎక్కడ దాచాలో తోచక నా శాలువాకే గుచ్చుకున్నాను.

పొద్దున ముత్తవ్వను బయటికి తెచ్చారు. నేను వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. పైపొర విప్పాను. కింద కుట్లు… ఒక్క దారం కూడా సడల్లేదు.

"చూడు వదినా, పాపం కదల్నైనా లేదు," అంది ఓక్యో.

మా అత్తయ్యకి చూపు ఆనదు. నా భుజం పట్టుకుని నిలబడబోతే చెయ్యి సూదికి తగిలింది. ఆవిడ వేళ్ళు ఆగాయి. అర్ధచంద్రంలాంటి దాని తలను తడిమాయి. ఒక మూల విరిగిన చోటును మళ్ళీ తడిమాయి.

నా చెవి దగ్గరికి వంగింది.

"కోడలా… ఇది నేను ఆవిడ గుండె మీద గుచ్చి, పైన ఆరు పొరలు కుట్టానే…"