పాకం పట్టిన వేలు

రెండు పంచెలు, రెండు చొక్కాలు, ఒక దుప్పటి, చెప్పులు. వరహాలమ్మ లెక్క చూసుకుని సంచిలో పెట్టింది. మళ్లీ అన్నీ బయటికి తీసి మళ్లీ లెక్క చూసుకుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె పథ్యమండలికి సంచిదారు. కొండ మీది సమశాలకు పోయేవాళ్ల సంచి ఇంటివాళ్లు సర్దకూడదు. సర్దితే తినేదేదో దాచిపెడతారని మండలి భయం. ఏదైనా మరిచిపోతే కొండ మీద అడిగే దిక్కుండదని ఆమె భయం.

గాలిబండి పదకొండింటికి వస్తుంది. ఇంకా గంట ఉంది.

వెళ్లవలసినవాడు కాశీనాయుడు. గానుగవీధిలో బెల్లం వండుతాడు, వయసు నలభై ఏడు. పెరట్లో పెనం దగ్గర్నుంచి పిలిస్తే వచ్చి గుమ్మంలో నిలబడి, తన బట్టలే ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు. అతనికి చక్కెర జబ్బని తేలి ఇరవై రెండు రోజులైంది. మండలి ఇచ్చే గడువు ఇరవై ఒకటి. ఆలోగా, వేలి నెత్తురు చుక్కలో చక్కెర కొలిచే చుక్కగడి అంకె అవధిలోకి దిగితే ఇంట్లో ఉండవచ్చు. దిగకపోతే సమశాల. అక్కడ ప్రతి ముద్దకూ తూకం, ప్రతి అడుగుకూ గంట. అక్కడ అంకె తప్పకుండా దిగుతుంది. దిగింది గనక అక్కడే ఉండాలంటుంది మండలి.

నాయుడి భార్య ఎర్నమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చుంది. మూడు వారాలుగా ఆమె కొర్రన్నం వండింది, మాత్రలు లెక్కపెట్టి మింగించింది, రాత్రి భోజనమయ్యాక మొగుణ్ణి కాలవ గట్టు చివరిదాకా నడిపించింది. అయినా అంకె దిగలేదు. కారణం ఒక్కటే అయి ఉంటుందని ఆమె తేల్చుకుంది.

“నాను కొర్రలుడకేసి పెట్టడం, ఈయన పెనం కాడ పాకం నాకీడం. నువ్వే సెప్పొదినా, ఆ అంకెకి నామీద పగేటి?”

“నాలిక మర్సిపోనాదప్పా, తీపంటే ఎలాగుంటాదో,” అన్నాడు నాయుడు, భార్యతో కాదు, వరహాలమ్మతో.

సంచిదారు ఓదార్చకూడదు. ఇక మిగిలింది ముద్రచీటీ. సంచి మూతి మీది చీటీకి వెళ్లేవాడి బొటనవేలు ఆనిస్తే మూత పడుతుంది. నాయుడు వేలు ఆనించి తీయబోతే చీటీ కూడా వేలికి అంటుకుని లేచి వచ్చింది.

ఈ వీధిలో అది మామూలే. అందుకని ఇటు వచ్చినప్పుడల్లా ఆమె స్పిరిట్ గుడ్డ తెచ్చుకుంటుంది. పదిహేడు సంచుల దగ్గర అలాగే వేలు తుడిచింది. పద్దెనిమిదోసారి గుడ్డ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. చీటీ మూల నాలుకకు ఆనించి చూసింది. తీపి.

చుక్క ఎక్కడ ఇస్తున్నావని అడిగింది. మండలి పెట్టిన వేళకే, పొద్దున్న తొమ్మిదింటికి, పెనం దగ్గరే అన్నాడు.

“సేతులు కడుక్కునే ఇస్తన్నావా?”

“కడుక్కోడవేటప్పా? పొద్దస్తమానం ముంతలోనే గదా ములుగుతాయి.”

ఈ వీధిలోనే పుట్టిన ఆమెకు ఆ ముంత సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. పాకం ముదిరిందో లేదో చూడడానికి వండేవాడు బొట్టు పాకం నీళ్లముంతలో వేసి, వేళ్లతో ఉండ చుట్టి చూస్తాడు. పెనం దించేదాకా ఆ నీళ్లు పారబోయరు, పారబోస్తే పాకం పాడవుతుందని తాతలనాటి మాట. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే తొమ్మిదింటికల్లా అవి నీళ్లు కావు, పానకం. నాయుడు వేళ్లు అందులో ముంచి, తుండుకు తుడుచుకుని, అదే వేలికి సూది గుచ్చుకున్నాడు. చేయి శుభ్రంగా ఉండాలని చుక్కగడి మీద రాసే ఉంది. కానీ ఈ వీధిలో బెల్లం మురికి కాదు.

వరహాలమ్మ వేడినీళ్లు పెట్టించింది. సబ్బుతో అతని రెండు చేతులూ తనే తోమింది, చంటిబిడ్డకు తోమినట్టు, రెండుసార్లు. ఆరాక సూది గుచ్చింది. పొద్దున్న మూడువందల ఎనభై ఎనిమిది చూపిన గడి ఇప్పుడు నూట నలభై ఆరు చూపింది. అవధి నూట ఎనభై. అంకె కింద ఒక వాక్యం వెలిగింది: రోజుకు ఒక్క చుక్క. రెండవది చెల్లదు.

ఆమె దేన్నీ ఒక్కసారికే నమ్మదు. కడిగిన తన వేలికి గుచ్చుకుంది: తొంభై ఏడు. ముంతలో ముంచి, తుండుకు తుడుచుకుని, మళ్లీ గుచ్చుకుంది: మూడువందల తొంభై ఒకటి.

ఎర్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి గడి చూసింది. తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటానంది. కొర్రలు మాత్రం మాననంది.

“తిట్లే ఉంచీ. కొర్రలు తీసీ,” అన్నాడు నాయుడు.

జబ్బు జబ్బేనని వరహాలమ్మ గట్టిగా చెప్పింది. మాత్ర మానకూడదు, నడక మానకూడదు, పెనం దగ్గర ఉత్తకాళ్లతో నిలబడకూడదు. అవన్నీ ఇంట్లోనే ఉండి చేసుకోవచ్చు. తర్వాత సంచి విప్పి, దుప్పటి తీసి దండెం మీద వేసింది.

ఆమె మణికట్టుకున్న పలక మోగింది. సంచి మూత పడలేదు, కారణం చెప్పండి అంది మండలి గొంతు. మండలి ఒప్పుకునే కారణాలు మూడే: మరణం, పరారీ, సంచి చిరగడం.

“చిరగలేదు. నేనే మూయడం లేదు.”

లెక్క సరిపోనిదే గాలిబండి లేవదు. వీధి చివర దిగిన బండి దిగినచోటే గుర్రుమంటూ ఉండిపోయింది. మూత పడనప్పుడు పలకలో మాటలు సంచిదార్లందరికీ వినిపిస్తాయి. నలభై ఊళ్లలో నలభై మంది చేతులు ఆగాయి. కొలువు పోతుందని గొంతు హెచ్చరించింది. ఆమె పంచెలు కూడా తీసింది.

“గానుగవీధిలో నేను సర్దిన సంచులు పదిహేడు. ఒక్కరి చేతులూ కడిగించలేదు. పేర్లు చెబుతాను, రాసుకో.”

అది కారణం కాదంది గొంతు. ఆమె చెప్పుకుపోయింది. ఇంటిపేరు, పేరు, నెల, వారం. గొంతు రెండుసార్లు అడ్డుపడి, తర్వాత ఊరుకుంది. పదహారు పేర్లయ్యాక ఆమె మంచినీళ్లు తాగింది.

“ఆడారి నూకరాజు. బెల్లం వండేవాడు. నా తమ్ముడు. ఇల్లు వేరని ఆ సంచీ నాచేతే సర్దించారు. పదకొండేళ్ల కిందట, మాఘమాసం, రెండో మంగళవారం వెళ్లాడు. తిరిగి రాలేదు.”