అదే పాట, వేరే రాత్రి

ఆ రోజు పొద్దున్నే ఖమీస్ రెండోసారి గడ్డం గీసుకున్నాడు. మొదటిసారి సరిగ్గా రాక కాదు, చేతులు ఊరుకోక. ట్రామ్ కండక్టరుగా అలెగ్జాండ్రియా అంతా తిరిగి రిటైరైన మనిషి. ఎవరొచ్చినా ఎవరెళ్ళినా కనుబొమ్మ కూడా ఎగరెయ్యడు. అలాంటివాడు ఆ పూట వంటింటికీ బాల్కనీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

కోడలు నిర్మీన్ ఉడికిన ఫూల్ చిక్కుడు గింజలు మెదుపుతూ నవ్వాపుకోలేకపోయింది.

"మామయ్యా, కాస్త కూర్చోండి. చూస్తున్న నాకే కళ్ళు తిరుగుతున్నాయి. అసలే ఏడో నెల."

"ఎలా కూర్చోనే! బద్రియా వస్తోంది. మనింటికి! ఇదిగో, ఈ కుర్చీలో కూర్చుంటుంది!"

"మీ అబ్బాయి పెళ్ళికి కూడా మీరింత హడావిడి పడలేదు."

"వాడి పెళ్ళిలో పాడిందెవరు? స్పీకరు డబ్బా. దానికి హడావిడి ఎందుకు?"

మా అన్‌ఫూషీ పేట వీధుల్లో ఒకప్పుడు బద్రియా పాడకపోతే పెళ్ళి జరిగినట్టే లెక్క కాదు. చేపల బజారు నుంచి కోట దాకా ఆమె గొంతు తెలియని ఇల్లు లేదు. క్యాసెట్ల కంపెనీవాళ్ళు మటుకు ఆమె చేత ఒకే ఒక్క పాట పాడించి, దాన్ని నాలుగు నిమిషాలకు కత్తిరించి బజారులోకి వదిలారు. తరవాత ఆమె పాడటం మానేసింది. ఇప్పుడు రషీద్ ఊళ్ళో మేనల్లుడి ఇంట్లో ఉంటోంది. కుడి చెవి పోయింది. ఎడమది కూడా త్వరలోనే పోతుందని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్న రోజే మేనల్లుడి చేత ఖమీస్‌కి ఫోను చేయించింది: "పడవలవాళ్ళ పెళ్ళి రాత్రి నేను పాడింది నీ దగ్గరుందటగా? చెవులు మూసుకుపోకముందు ఒక్కసారి వినాలని ఉంది."

ఆ పెళ్ళిలో ఖమీస్ టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆ క్యాసెట్ లోకంలో అతని దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. అందుకే రెండుసార్లు గడ్డం, అందుకే తెల్లవారుతూనే చేపల బజారుకు పరుగు.

"సరే, ఇక క్యాసెట్ తీసి ఉంచుతాను," అంటూ అతను చిన్నగదిలోకి వెళ్ళాడు.

నిర్మీన్ గరిటె పక్కన పెట్టి వెనకే వెళ్ళింది. ఈ క్షణం కోసం ఆమె కూడా పొద్దుట్నుంచీ ఎదురుచూస్తోంది. పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల వెయ్యాల్సిన గది అది. గోడ మొత్తం క్యాసెట్లే. ఆ పాటలన్నీ ఒక్కొక్కటీ వెతికి ఫోన్‌లో చేర్చి, వినడానికి చక్కని చిన్న స్పీకరు కూడా కొని దాచింది.

"చూశారా మామయ్యా! ఎంత చోటు మిగిలిందో!"

గోడ సగం బోసిగా ఉంది. ఖమీస్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఇక్కడివి ఏవి?"

"డబల్‌గా ఉన్నవి తీసెయ్యమన్నారుగా. మీరు చేపలకు వెళ్ళినప్పుడు పాతసామాన్ల బండి వచ్చింది. 'బీకియా, బీకియా' అని అరుస్తుంటే పిలిచి ఇచ్చేశాను. రెండు తొట్లు ఇచ్చాడు. పిల్లాడి స్నానానికి పనికొస్తాయి."

"డబలా? ఏవి డబలు?"

"అదే, ఆ 'తెరచాప' పాట! డజన్ల కొద్దీ క్యాసెట్లున్నాయి మామయ్యా, అన్నీ ఒకటే! ఒకటి ఉంచి మిగతావి ఇచ్చేశాను. ఆ ఒకటి కూడా అక్కర్లేదు అసలు. ఫోన్‌లో ఉంది."

ఖమీస్ మంచం మీద కూలబడ్డాడు. ఉంచిన ఆ ఒక్క క్యాసెట్ తీసి చూశాడు. అది కంపెనీది. నాలుగు నిమిషాలది.

"ఒకటే కాదే, అమ్మాయ్. ఒక్కోటి ఒక్కో రాత్రి. గాలివాన రాత్రి ఒకటి, ఆమె జ్వరంతో పాడింది ఒకటి, పడవలవాళ్ళ పెళ్ళి ఒకటి. కింద చిన్నక్షరాలతో రాశానుగా!"

"పాట పేరు చూశాను. కింద ఏముందో ఎవరు చూస్తారు? పాడింది ఒకే మనిషి, పాట ఒకే పాట. నాకేం తెలుసు?"

"తెలియకపోతే అడగాలి! నలభై ఏళ్ళ వాసన పట్టినవాటిని రెండు తొట్లకిచ్చేశావా?"

ఆ మాట నిర్మీన్‌కి సూటిగా తగిలింది. ఆమె మొహం ఎర్రబడింది.

"వాసనా? బూజు వాసన! ప్రతి చలికాలం ఈ సముద్రపు తేమకు నాలుగైదు పాడవుతూనే ఉన్నాయి. మీరే తీసి పారేస్తున్నారు. నా ఫోన్‌లోవి ఎప్పటికీ పాడుకావు!"

"నీ ఫోన్‌లోవి నీవి కావే! అద్దెకున్నావు అందులో. ఇంటివాడు ఏది ఉంచితే అది విను, ఏది తీసేస్తే అది మర్చిపో. ఆ రాత్రి నీ ఫోన్‌లో ఉందా? వెతుకు! ఎక్కడుందో చూపించు!"

ఆమె నిజంగానే ఫోను తీసి వెతికింది. బద్రియా అని కొట్టింది, తెరచాప అని కొట్టింది, పడవలు, పెళ్ళి, అన్నీ కొట్టింది. వచ్చింది ఆ నాలుగు నిమిషాలే. ఫోను దించి మామగారి వైపు చూసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అవి చూడటం అదే మొదలు.

"ఆమె చెవులు మూసుకుపోతున్నాయి, నిర్మీన్. ఇంకోసారి రమ్మంటే ఏం వింటుంది?"

నిర్మీన్ పొయ్యి కట్టేసింది. తలకు గుడ్డ చుట్టుకుంది.

"పదండి."

"ఎక్కడికి?"

"ఇచ్చింది నేను. వాడి మొహం గుర్తున్నది నాకు. ఏడుస్తూ కూర్చుంటే సాయంత్రం ఆవిడకి ఏం వినిపిస్తారు, మీ ఏడుపా?"

కింద చేపల కొట్టువాడి మూడు చక్రాల బండి దొరికింది. ఐసుపెట్టెల మధ్య మామ, ముందు సీట్లో కోడలు. వీధిలో ఆడవాళ్ళందరూ బాల్కనీల్లోకి వచ్చేశారు. "నిర్మీన్, నొప్పులా?" అని ఒకామె పైనుంచి కేక. "నాకు కాదు, మా మామయ్యకి!" అని ఈమె కింది నుంచి. ఖమీస్ అంత బాధలోనూ ఫక్కున నవ్వేశాడు. బండి గోతుల్లో ఎగిరినప్పుడల్లా ముందుకు వంగి "నెమ్మదిరా, లోపల నా మనవడున్నాడు," అని బండివాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

పాతసామాన్లవాడు టీ కొట్టు దగ్గర దొరికాడు. బండి ఖాళీ.

"అప్పుడే దించేశానే తల్లీ, మీనా అల్-బసల్ గోదాములో. ఈపాటికి పగలగొట్టేసి ఉంటారు. డొల్లల్ని ప్లాస్టిక్ కింద అమ్ముతారు."

"రీలు?"

"రీలు ఎవడిక్కావాలి? పారేస్తారు."

మూడు చక్రాల బండి గోదాము వైపు పరుగు తీసింది.

గోదాము వాకిట్లో ఇద్దరాడవాళ్ళు సుత్తులు పట్టుకుని కూర్చున్నారు. పక్కన గోధుమరంగు రీలు గడ్డిమోపంత గుట్టగా పడి, గాలికి కదులుతోంది. "ఆపండి!" అని నిర్మీన్ పెట్టిన కేకకు ఇద్దరి సుత్తులూ ఆగిపోయాయి. నిండు కడుపుతో ఆమె నేల మీద చతికిలబడి గోనెసంచి కుమ్మరించింది. ఒక్కో క్యాసెట్ తిప్పి, ఈసారి కింద చిన్నక్షరాలు చదివింది. గాలివాన రాత్రి. ఖాసిం ఇంటి మేడ. జ్వరం. ఒక్కోటి చదివి మామగారి ఒళ్ళో వేస్తోంది. సంచి ఖాళీ అయింది. పడవలవాళ్ళ పెళ్ళి లేదు.

ఖమీస్ పగిలిన డొల్లల వైపు తిరిగాడు. చూడలేక మొహం తిప్పుకున్నాడు. నిర్మీనే అటు పాకి, ముక్కల్లో చేతులు పెట్టి వెతికింది. ఒక సుత్తి కిందే దొరికింది, రెండుగా చీలి. అక్షరాలు సగం ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద. రెండు చక్రాలూ, వాటికి చుట్టిన రీలూ అలాగే ఉన్నాయి. ఒకచోట మటుకు నలిగి, కొంత చిరిగి పోయింది.

"మామయ్యా! ఉంది! ఉంది!" అని ఆమె అరిచిన అరుపుకు సుత్తుల ఆడవాళ్ళు కూడా విషయం తెలియకుండానే కేరింతలు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి సూర్యుడు, గడియారం పోటీపడి పరిగెడుతున్నాయి. ఖమీస్ కంపెనీ క్యాసెట్ మరలు విప్పి, ఆ నాలుగు నిమిషాల రీలు తీసి పక్కన పడేశాడు. ఆ డొల్లలోకి పడవలవాళ్ళ రాత్రిని ఎక్కించాలి. కానీ తెగినచోట అతికించడానికి చేతులు నిలవడం లేదు.

"ఇలా ఇవ్వండి," అంది నిర్మీన్. నలిగిన ముక్క కత్తిరించేసి, రెండు కొసలూ ఒకదాని మీదికి ఒకటి జరిపి, తన గోళ్ళరంగు ఒక్క చుక్క వేసి ఊపిరి బిగబట్టింది. ఖమీస్ అంతకంటే గట్టిగా బిగబట్టాడు. ఆరింది. పట్టుకుంది. పెన్సిల్ దూర్చి తిప్పితే రీలు సాఫీగా చుట్టుకుంది.

"పొద్దున నోరు జారాను," అన్నాడతను పెన్సిల్ తిప్పుతూ.

"నేనూ జారాను. బూజు వాసన మాత్రం నిజమే మామయ్యా."

"నిజమే," అని ఒప్పుకున్నాడు ఖమీస్.

పొద్దుగుంకే వేళకు బద్రియా వచ్చింది. చిన్న మనిషి, నల్లని ముసుగు, రెండు పక్కలా పట్టుకుంటే గానీ మెట్లెక్కలేదు. నిర్మీన్ భర్త రవూఫ్ పని నుంచి వచ్చి, ఆమెను చూసి చెప్పులు వాకిట్లోనే వదిలి చిన్నపిల్లాడిలా గోడకు ఒదిగి నిలబడ్డాడు. ఖమీస్ ఆమె ఎడమ చెవి పక్కకే టేప్ రికార్డర్ జరిపి మీట నొక్కాడు.

ముందు జనం గోల. ఎవరో దగ్గారు. ఎక్కడో పిల్లాడి ఏడుపు. తరవాత ఆమె గొంతు లేచింది. "తెరచాప కనిపిస్తోంది, తలుపు తీసే ఉంచాను." పెళ్ళివారు ఊరుకుంటేగా! "మళ్ళీ! మళ్ళీ!" అని ఒకటే వన్స్‌మోర్‌లు. రెండోసారి అదే మాట పాడితే కొత్తపెళ్ళికూతురు సిగ్గుపడుతున్నట్టుంది. మూడోసారి మొగుడితో పోట్లాడుతున్నట్టుంది. నిర్మీన్ నోరు తెరుచుకుని వింటోంది. మాటలు అవే. పాట వేరే. బద్రియా కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తోంది. మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు వస్తుంది," అన్నాడు ఖమీస్ గుసగుసగా. "నాలుగోసారి. ఆ రాత్రి మగాళ్ళు కూడా ఏడ్చింది దీనికే."

టేపులో జనం మళ్ళీ అరిచారు. ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. టక్కుమని చిన్న శబ్దం. అంతలోనే చప్పట్లు.

అతికించినచోటు అది. నాలుగోసారి పోయింది.

ఖమీస్ మీట నొక్కి ఆపేశాడు. నిర్మీన్ ఆ పెద్దావిడ కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేనే పోగొట్టానమ్మా! అన్నీ ఒకటే పాటనుకుని బండివాడికి ఇచ్చేశాను. మీరు దీనికోసమే వచ్చారు, నేను..."

బద్రియా ఆమె తల మీద చెయ్యి వేసింది. "ఏమంటోంది ఈ పిల్ల? గట్టిగా చెప్పమను."

ఖమీస్ వంగి చెప్పాడు. విని ఆమె నవ్వింది.

"పిచ్చిదానా, అది పాడిన మనిషి నీ ఎదురుగా ఉందిగా. అడగాల్సింది నన్ను కదూ?"

నిర్మీన్ తలెత్తింది. కన్నీళ్ళతో, పెళ్ళివారి లాగే, గట్టిగా అరిచింది. "మళ్ళీ!"

బద్రియా పాడింది. గొంతు బొంగురు, ఊపిరి మధ్యలో తెగిపోయింది, పైకి ఎక్కాల్సినచోట ఎక్కలేదు. ఎక్కలేక కిందికి దిగింది, దిగినచోటే ఆగి, ఆ మాటను వదలకుండా చాలాసేపు పట్టుకుంది. రవూఫ్ ఫోను బయటికి తీశాడు గానీ నొక్కడం మర్చిపోయాడు. ఖమీస్ కండువాతో మొహం కప్పుకున్నాడు.

పాట అయ్యాక ఆమె బెదురుగా అటూ ఇటూ చూసింది. వేళ్ళతో ఎడమ చెవిని తడుముకుంది.

"ఎలా వచ్చింది?" అని నిర్మీన్‌ని అడిగింది. "గొంతు కదిలింది తెలిసింది గానీ నాకేం వినపడలేదమ్మా. ఎలా పాడానో నువ్వే చెప్పు."

నిర్మీన్ మామగారి వైపు చూసింది. పాటల సంగతి ఆయనకు తెలుసు గానీ తనకేం తెలుసు? ఖమీస్ కండువా తీసి, నువ్వే చెప్పు అన్నట్టు తలూపాడు. ఆమె మోకాళ్ళ మీద లేచి, ఆ చెవికి నోరు ఆనించి గట్టిగా చెప్పింది.

"టేపులో మీరు వచ్చేవాడి కోసం తలుపు తీసి ఉంచారమ్మా. ఇప్పుడేమో, వాడిక రాడని తెలుసు. తెలిసి కూడా తలుపు వెయ్యడానికి చేతులు రావడం లేదు. అలా పాడారు."

బద్రియా ఆ మాటలు చెవిలోకి దిగేదాకా కదలకుండా కూర్చుంది.

"అలాగే పాడాలనుకున్నాను," అంది.