చచ్చినవాడి నోటిలోని వెండి

మిట్టమధ్యాహ్నం... అయినా రోమ్ నగరం మీద కాటుక కుమ్మరించినట్టు చీకటి! ఎస్క్విలైన్ శ్మశానంలో గుడ్లగూబ పట్టపగలే కూసింది. ఆ కూతకు ముసలి సబీదియా దేవుళ్లకు మొక్కుకుంది.

ఎదురుగా కూతురు టెర్టుల్లా. మెడకు నల్ల ఉన్నితాడు, విరబోసిన జుట్టు, తిరగబడిన కనుగుడ్లు... ఆ పిల్ల నోట్లోంచి వస్తున్నది మాత్రం, మొన్న పాతిపెట్టిన కొడుకు గెల్లియస్ గొంతు.

"పడవవాడు ఎక్కించుకోలేదమ్మా. నోట్లో కాసు లేదన్నాడు. ఒడ్డున చలి... చెల్లెలి ఒంట్లో వెచ్చగా ఉంది."

చచ్చినవాళ్లను పాతాళపు ఏరు దాటించే పడవవాడికి కూలిగా, అందరూ శవం నోట్లో రాగికాసు పెడతారు. ఒక్కగానొక్క కొడుకని ఆమె వెండి దెనారియస్ నాణెం పెట్టింది. ఆ మెరుపు వెట్టియస్ కంటపడింది. పైకి వాడు గోతులు తవ్వే కాటికాపరి. లోపల ప్రేతాలను కట్టే క్షుద్ర మాంత్రికుడు!

మళ్ళీ తవ్విన గోతిలో గెల్లియస్ శవం నోరు తెరుచుకుని ఉంది. గట్టుమీద ఒక కపాలం, దాని నుదుట ఆ వెండికాసు. కాసుకు ఒకవైపు గతించిన చక్రవర్తి శిరస్సు, రెండోవైపు పిడుగును గోళ్లలో పట్టిన, దేవరాజు జూపిటర్ గద్ద.

"అన్నని బంధిస్తే చెల్లెలూ నాదే అత్తా," అంటూ వెట్టియస్ ఇనుపమేకు ఎత్తాడు. "ఇద్దరూ నాకు ఊడిగం చేస్తారు. నీకు వంటపని తగ్గింది."

"వెండి ఉంచుకో బాబూ, పిల్లను వదులు. కాసు మీది చక్రవర్తి మొహంలో మాత్రం మేకు దించకు. ఆ కాసు కొంగున ఉంటే మేం దొడ్డికి కూడా పోం."

"చచ్చాడుగా మీ చక్రవర్తి."

"చచ్చి దేవుడయ్యాడు కదరా."

"అయితే వచ్చి ఆపమను."

మేకు చక్రవర్తి కంట్లో దిగింది... ఫెళఫెళా ఆకాశం చీలింది! కాసులోని గద్ద రెక్క విప్పిందో, మేఘమే గద్దయిందో... నిప్పుల ముక్కు ఒకటి మేకు మీద వాలింది. అరవబోయిన వెట్టియస్ నోట్లోంచి పొగ వచ్చింది. కపాలంతో పాటే వాడూ బూడిదయ్యాడు.

బూడిదలో కాసు ఎర్రగా మెరుస్తోంది. పిడుగు తాకిందేదైనా జూపిటర్ సొత్తు. పూజారులొచ్చి పడినచోటే పూడుస్తారు. ముట్టుకున్నవాళ్లకు ఊళ్లో నిప్పూ నీళ్లూ పుట్టవు. ఆ సంగతి సబీదియాకు తెలుసు. కానీ టెర్టుల్లా పెదవులు నీలమవుతున్నాయి...

అరచెయ్యి చుర్రుమని కాలుతుండగా కాసు తీసింది. గోతిలోకి వంగి కొడుకు నాలుక మీద పెట్టింది.

టెర్టుల్లా నోట ఆ గొంతు చివరిసారి పలికింది. "వెళ్లొస్తానమ్మా."

సైన్యానికి పోయే ప్రతిసారీ వాడిదే మాట. గడప దగ్గర నిలబడి ఆమె, త్వరగా రా నాయనా అనేది.

"రాకు నాయనా," అంది సబీదియా. "ఇంక రాకు."