మొదటి ర్యాంకు గుండె

వార్డులో ఇంతమంది గుండెలు ఒకేసారి ఎందుకు చెడిపోతున్నాయో అనూహ్యకు అర్థం కాలేదు. మంచాల పైన ఎర్రటి అంకెలు పొద్దుటి నుంచీ మారుతూనే ఉన్నాయి. ఒక పిల్లాడి చేతి పట్టీ విప్పి తన మణికట్టుకు కట్టుకుని చూసింది. యంత్రం సరిగానే ఉంది.

మలావీ దేశంలో సరస్సు ఒడ్డునున్న ఆసుపత్రి అది. గుండె వాల్వు చెడిన పిల్లల వార్డు. ఆపరేషన్ చేసే డాక్టర్లు ఏడాదికోసారి విమానంలో వస్తారు. ఆరుగురికి చేసి వెళ్ళిపోతారు. ఆ ఆరుగురు ఎవరన్నది ఇదివరకు పలుకుబడి తేల్చేది. అది మాన్పించాలనే గుంటూరు వైపు కాలేజీ నుంచి అనూహ్యతో కలిపి నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు సెలవుల్లో స్వచ్ఛందంగా వచ్చారు.

వాళ్ళు చేసిన పట్టీ చర్మం మీంచే నాడిని, నెత్తుటిలో ఆక్సిజన్‌ని, ఒంట్లో చేరిన నీటిని కొలుస్తుంది. ఆ గుండె ఇంకెంతకాలం ఆగగలదో లెక్క కడుతుంది. అందరికంటే తక్కువ ఆగగలిగిన గుండెకు మొదటి ర్యాంకు. మంత్రిగారి మేనల్లుడెవరో దానికి తెలియదు.

ర్యాంకును మంచం పైన వేలాడదీయాలన్నది మాత్రం యంత్రం ఆలోచన కాదు. నర్సు వద్దంది. రోగం సంగతి నలుగురికీ చూపించడం తమ దగ్గర లేదంది. విద్యార్థులు వినలేదు. ఆరో తరగతి నుంచీ వాళ్ళ ర్యాంకులు నోటీసు బోర్డు మీదే ఉన్నాయి. కనబడని ర్యాంకును ఎవరు నమ్ముతారని అడిగారు. పైగా రోగుల వెంట వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ర్యాంకు ఎలా వస్తుందో వివరంగా చెప్పారు.

అందరూ శ్రద్ధగా విన్నారు.

ఆ మధ్యాహ్నం అనూహ్య వెనక వంటల షెడ్డుకు వెళ్ళింది. మనవణ్ణి చేర్పించిన చిర్వా అనే రిటైర్డు మేష్టారు ఆడవాళ్ళకు పాఠం చెబుతున్నాడు. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఆపాలి. జావలో ఉప్పు పెంచాలి. పట్టీ చూసే ముందు పిల్లను మెట్లెక్కించాలి. వాళ్ళు వల్లె వేస్తున్నారు. అనూహ్యకు ఇది తెలిసిన దృశ్యమే. ఊరు వేరు, కోచింగ్ సెంటరు అదే.

వాళ్ళలో ఎనెలెసి ఉంది. ఆమె కూతురు తడాలా తొమ్మిదో ర్యాంకు నుంచి రెండుకి ఎక్కింది.

"మాత్రలు ఇవ్వడం లేదా మీరు?"

"లేదు."

"పిల్ల చచ్చిపోతుందమ్మా."

"నన్ను అమ్మా అనకు. మాత్ర వేస్తే తొమ్మిది, మానేస్తే రెండు. ఈ లెక్క మాకు నేర్పిందెవరు?"

అనూహ్య చెవిలోని ట్రాన్స్‌లేటర్ ఆ మాటల్ని మెత్తని తెలుగులో చెప్పింది. ఎనెలెసి గొంతు అలా లేదు.

"మేం కొలుస్తున్నాం, అంతే."

"కొలిచి ఊరుకున్నారా? నెత్తి మీద వేలాడదీశారు. పక్క మంచం పిల్లాడు నిన్న ఒకటికి వచ్చాడు. వాళ్ళమ్మ నాకేసి చూసి నవ్వింది, పిల్లా. తన బిడ్డ చావుకు దగ్గరైనందుకు నవ్వింది."

ఇవాళే అందరూ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాలని అనూహ్య గట్టిగా చెప్పింది. ముందు ఎవరు వేస్తారని ఎనెలెసి అడిగింది. ముందు వేసినవాళ్ళ బిడ్డ వెనక్కి పోతుంది కదా అంది.

అంకెలు ఆపేద్దామని అనూహ్య మిగతా ముగ్గురితో అంది. ఆపితే ఆపరేషన్లు లోపల్లోపల అమ్ముకుంటున్నారంటారని వాళ్ళన్నారు. అదీ నిజమే. ఆపలేదు.

డాక్టర్లు దిగారు. మొదటి మంచం తడాలాది. అప్పటికి ఆమెదే ఫస్టు ర్యాంకు. పెద్ద డాక్టరు పిల్ల కాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది, పూడలేదు. ఈ ఒంటికి మత్తిస్తే తిరిగి లేవదన్నాడు. రెండో మంచం దగ్గరా అదే మాట. మూడో దగ్గరా అదే.

వాళ్ళు వార్డు చివర ఆగారు. అక్కడున్నవి ఆఖరి ర్యాంకులు. ఆ పిల్లలకు తోడుగా వచ్చినవాళ్ళెవరూ లేరు. నర్సే మాత్రలు మింగించేది. వాళ్ళ తరఫున పాఠం విన్నవాళ్ళు లేరు. ఆరుగురినీ అక్కడి నుంచే తీసుకెళ్ళారు.

యంత్రం ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదని మిగతా ముగ్గురూ కాలేజీకి ఫోన్‌లో చెప్పారు.

అనూహ్య మంచాల మీది అంకెల బోర్డులు ఆర్పుకుంటూ వచ్చింది. తడాలా తల తిప్పి పైకి చూసింది.

"ఒకటి నాదే కదా? నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

"నీదే. తీసుకెళ్తారు," అంది ఎనెలెసి.

అనూహ్య చెయ్యి స్విచ్ మీదకు వెళ్ళింది. ఎనెలెసి ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్ళు బిగించింది.

"ముట్టుకోకు. ఆ అంకె చూసుకునే నా పిల్ల ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు నేను మాత్ర వేస్తాను. వేస్తే రెండవుతుంది, మూడవుతుంది. ఓడిపోయాననుకుంటుంది. అంకె మారకుండా చూడు. ఇంజనీరువి కదా."

అలా చెయ్యకూడదని అనూహ్య అనబోయింది. ఎనెలెసి వేళ్ళు వదల్లేదు.

అనూహ్య పట్టీకీ బోర్డుకీ మధ్య లింకు తెంపేసింది. అంకె ఒకటి దగ్గరే నిలిచింది.

ఎనెలెసి అప్పుడు వదిలింది. వెనక్కి తిరిగి, పిల్ల నోట్లో మాత్ర వేసింది.