ఆయాసానికో తోడు

ఆగి ఉన్న సైకిల్ మీంచి కిందపడటం అందరివల్లా అయ్యే పని కాదు. భవనాల ప్లాన్లు గీసే ఆ యువకుడి వల్ల అయింది.

బడి వదిలాక మళ్లీ సైకిల్ ముట్టుకోవడం ఆ పొద్దుటే. నది గట్టు మీది బాట మొదట్లో, ఒక కాలు ఇంకా నేల మీద ఉండగానే, ఎంతో మర్యాదగా పక్కకి ఒరిగిపోయాడు. సరిగ్గా అప్పుడే మెరిసే హెల్మెట్, చేతి తొడుగులతో ఒకమ్మాయి సైకిల్ మీద వచ్చి ఆగింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదండీ. దిగుతున్నాను."

"ఓహో! నేను కాళ్లతో దిగుతాను లెండి." ఆమె తేరిపార చూసింది. "మీరు మొన్న మా ల్యాబ్‌కి వచ్చారు కదూ? నేను సూది తియ్యగానే కళ్లు మూసుకున్నారు."

"దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

"విన్నాడా మరి?"

"కొలెస్ట్రాల్ చూస్తే విన్నట్టు లేదు."

"సైకిల్ తొక్కమని చెప్పుంటాడు. మీకే వినపడలేదేమో," అని నవ్వి వెళ్లిపోయింది.

కుంటుతూ ఇంటికొచ్చిన తమ్ముణ్ణి చూసి అక్క తలుపు దగ్గరే నిలబడింది.

"ఏరా, సైకిల్ నువ్వు తొక్కావా, నిన్ను సైకిల్ తొక్కిందా?"

"రేపు కూడా వెళ్తానక్కా."

అక్క అతని మోకాలు చూసింది, తర్వాత మొహం చూసింది. మొహంలోనే దెబ్బ గట్టిగా తగిలినట్టు కనిపించింది. "ఎవర్రా ఆ అమ్మాయి?" అంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే అతనికి అదే పని. ఆమె ముందు, అతను వెనక. చినుకులు పడినా మానలేదు. వానలో చెమట కనపడదు కాబట్టి అతనికి వాన మీద ప్రత్యేకమైన గౌరవం కూడా కలిగింది. వంతెన దగ్గర ఆమె ఆగి ఉండేది. అతను రొప్పుతూ చేరేవాడు.

"వచ్చారా! మీ కోసం వంతెన కూడా ఎదురుచూస్తోంది."

"దారిలో... ప్రకృతిని... చూస్తున్నాను."

"నాలిక బయటపెట్టి చూస్తారా?"

అతనికి కావలసింది ఆ నాలుగు మాటలే. ఆ మాటల కోసమే గుండె గొంతులోకి వచ్చేదాకా తొక్కేవాడు. తొక్కినంతసేపూ కిర్రుకిర్రుమని ఒకటే మోత. అది తన మోకాళ్ల మోతేనని అతని గట్టి నమ్మకం. రాత్రిళ్లు వాటికి నూనె కూడా రాశాడు.

గాలి కొట్టించడానికి వెళ్తే, సైకిల్ షాపాయన వెనక చక్రాన్ని ఎత్తి తిప్పాడు. అది కాస్త తిరిగి బిగుసుకుపోయింది.

"బ్రేకు రబ్బర్లు పట్టేశాయి సార్. ఇన్నాళ్లూ బ్రేకు వేసుకునే తొక్కారా?"

ఏనుగుని లాగుతున్నానని తెలియక ఒళ్లు బరువనుకున్నాడు పాపం. రబ్బర్లు సరిచేయించాడు. మోకాళ్ల మోత ఆశ్చర్యంగా మాయమైంది.

మర్నాడు అతని సైకిల్ గాలిలా దూసుకుపోయింది. ఆమెని దాటాడు. ఊరికే దాటితే బాగుండేది, చెయ్యి ఊపి, "వంతెన దగ్గర కలుద్దాం!" అని అరిచి మరీ దాటాడు. వంతెన దగ్గర ఎంతసేపు నిలబడినా ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ వారమంతా రాలేదు.

"దాటేశావా?" అక్క నెత్తి కొట్టుకుంది. "ఎందుకురా, పతకం ఇస్తామన్నారా?"

వరం అడిగితే దేవుడు ఇస్తాడు. దాన్ని వాడుకునే తెలివిని విడిగా అడగాలేమో, ఎవరికి తెలుసు?

అతను నేరుగా ల్యాబ్‌కి వెళ్లి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు.

"ఏం పరీక్ష?" అంది ఆమె తల ఎత్తకుండా.

"మీరెందుకు రావట్లేదో తెలిసే పరీక్ష."

ఆమె చేతిలోని దూది పక్కన పెట్టింది. "మీ బ్రేకు పట్టేసిందని నాకు మొదటిరోజే తెలుసు," అంది మెల్లగా.

"చెప్పలేదేం?"

"చెప్తే దాటిపోతారుగా! దాటిపోయారు కూడా. నేను మీకన్నా వారం ముందు మొదలుపెట్టానంతే. హెల్మెట్ చూసి మోసపోయారు. వంతెన దగ్గర ఆగేది మీ కోసం కాదు, ఇంక తొక్కలేక. వెనక మీ రొప్పు వినపడుతుంటే నా రొప్పు ఎవరికీ వినపడదని ధైర్యంగా ఉండేది."

"మరి వంతెన ఎదురుచూస్తోందని..."

"నాకు మాట్లాడే ఊపిరి వచ్చేదాకా మీరు వచ్చేవారు కాదు. అది మీ మంచితనం."

అతను చొక్కా చెయ్యి దించుకున్నాడు. "రేపు రండి. పక్కపక్కనే తొక్కుదాం. రొప్పు ఎవరిదో ఎవరికీ తెలీదు."

మర్నాడు ఆమె వచ్చింది. వంతెన దాటి, ఇద్దరూ ఎప్పుడూ వెళ్లని ఎత్తురోడ్డు ఎక్కారు. సగంలో ఇద్దరూ ఒకేసారి దిగి, సైకిళ్లు తోసుకుంటూ నడిచారు. కర్ర పట్టుకున్న ఒక ముసలాయన వాళ్లని సునాయాసంగా దాటిపోయాడు.

"మా అక్క..." అన్నాడు అతను, "మీ అమ్మగారితో... మాట్లాడటానికి... రావచ్చా... మన గురించి..."

ఆమె హ్యాండిల్ మీదికి వంగిపోయి, గట్టిగా తల ఊపింది.

"అది... ఒప్పుకోవడమా... ఆయాసమా?"

ఆమె చాలాసేపటికి ఊపిరి తెచ్చుకుంది.

"రెండూను."